ఉతికేసిన గలీబు

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర
చలి మొదలైన వారం

సూదమ్మకి,

ఎలా ఉన్నావు? సూది పట్టుకుని అందరి ఒంట్లో సంగతీ నువ్వడుగుతావు, నీ ఒంట్లో సంగతి ఎవరడుగుతారు? అందుకని నేనే అడుగుతున్నాను. వేళకి తింటున్నావా?

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేంటే అని మీ అన్నయ్య వెక్కిరిస్తున్నాడు. ఫోన్లో నీతో రెండు ముక్కలు మాట్లాడేలోపు అక్కడ నీ వార్డులో ఎవరో పిలుస్తారు, ఇక్కడ ఆయన "నాకివ్వు, మా చెల్లెలితో నన్ను మాట్లాడనివ్వు" అని చెయ్యి చాపుతాడు. కాగితం మీదయితే నా మాటకి అడ్డొచ్చేవాడు ఉండడు.

ఈ మాయరోగం రెండో విడత వస్తుందని కొందరు, రాదని కొందరు. బేకరీకి రొట్టె కోసం వచ్చే ప్రతివాళ్ళూ తలో మాట చెప్పి పోతారు. మీ అన్నయ్య మాత్రం వచ్చేసినట్టే లెక్క కట్టేశాడు. గడియారాలు బాగుచేసే మనిషి కదా, ఏదైనా ముందే మోగాలి ఆయనకి. బియ్యం, పిండి, నూనె, జ్వరం మాత్రలు, వేలికి తగిలించి ఊపిరి సంగతి చెప్పే ఆ చిన్న యంత్రం, అన్నీ తెచ్చి వెనక గదిలో పేర్చాడు. సబ్బులయితే చెప్పనక్కర్లేదు. అటక మీద చోటు చాలక బట్టల బీరువాలో పెట్టాడు. మనం రోగంతో పోకపోయినా ఆ సబ్బులు మీద పడి పోతాం.

వెనక గదికి సొంత స్నానాల గది ఉంది కాబట్టి ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా అందులోనే ఉండాలని తీర్మానం అయింది. ఎన్నేళ్ళ నుంచో బిగుసుకుపోయిన కిటికీని చెక్కపని అతన్ని పిలిచి ఊడదీయించాం. అంతటితో ఆగాడా? ఒకసారి చేసి చూసుకుంటే తప్పులు తెలుస్తాయన్నాడు. పోయిన సెలవు రోజున తనే రోగి అయి, తువ్వాలు కప్పుకుని ఆ గదిలో పడుకున్నాడు. నేను మాస్కు కట్టుకుని, గుమ్మం బయట స్టూలు మీద కంచం పెట్టి, తలుపు తట్టి, వెనక్కి జరిగి నిలబడాలి. పెట్టాను. తిన్నాడు. మళ్ళీ తట్టాడు, టీ కావాలట. మళ్ళీ తట్టాడు, పేపరు కావాలట. ఆ వైభోగం ఎంత నచ్చిందంటే, నాటకం అయిపోయిందయ్యా మగడా బయటికి రా అంటే సాయంత్రం దాకా రాలేదు. పైగా "నీకింకా అభ్యాసం కావాలి, టీ చల్లారిపోయింది" అని వంక.

పొద్దున పాలు విరిగాయని గొడవ చేశాడు. ఆయన ముక్కు పోలీసు కుక్క ముక్కు. బేకరీలో పని బాగానే సాగుతోంది. రొట్టె అడుగున వేలితో కొట్టి చూస్తే లోపల డొల్లగా మోగాలి, అప్పుడు కాలినట్టు. ఈమధ్య అన్నీ అలా మోగించే తీస్తున్నాను.

నీ చిన్నారి పిచ్చుకకి నా ముద్దులు. నువ్వు జాగ్రత్త.

వదిన


ఆసుపత్రి, నర్సుల విశ్రాంతి గది

వదినకి,

అన్నయ్య రోగి వేషం చదివి మా గదిలో అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. మా హెడ్డు నర్సయితే అలాంటి రోగులు వార్డులో కూడా ఉన్నారంది.

అన్నీ రాశావు. కిటికీ గురించి రాశావు, సబ్బుల గురించి రాశావు, విరిగిన పాల గురించి కూడా రాశావు. నేను ఫోన్లో అడిగిన దాని గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. సరిగ్గా వినపడలేదేమో అనుకుని మళ్ళీ రాస్తున్నాను.

జనం మళ్ళీ పెరిగితే మేము ఇళ్ళకి పోవడానికి ఉండదు. ఆసుపత్రి వెనక క్వార్టర్లలోనే ఉండాలి, ముందే చెప్పేశారు. పిచ్చుక వాళ్ళ నాన్న ఓడ ఏ సముద్రంలో ఉందో ఆయనకే తెలియదు. పోయినసారి పక్కింటివాళ్ళ దగ్గర ఉంచాను కదా. వాళ్ళింట్లోనూ జ్వరాలొస్తే ఆ పైవాళ్ళ దగ్గరికి, అక్కడి నుంచి ఇంకొకళ్ళ దగ్గరికి, సంచీ పట్టుకుని తిరిగింది నా కూతురు. నేను వీధిలో నిలబడి చెయ్యి ఊపితే ఏ కిటికీలోంచి చూడాలో కూడా దానికి తెలిసేది కాదు. ఇప్పటికీ ఎవరైనా తలుపు కొడితే ముందు చెప్పులు వెతుక్కుంటుంది వదినా.

ఈసారి దాన్ని ఇల్లిల్లూ తిప్పలేను. నీ దగ్గర ఉంచుతావా? కుదరకపోతే కుదరదని చెప్పు, ఏమీ అనుకోను. కానీ చెప్పు.

నీ ఆడపడుచు


బేకరీ వెనక, పిండి బస్తాల మధ్య

సూదమ్మకి,

వినపడలేదని కాదు. నేను పిల్లల్ని పెంచినదాన్ని కాదు. మా మేడ మెట్లు నిటారుగా ఉంటాయి, గమనించావు కదా. నేను తెల్లవారకముందే బేకరీకి వెళ్ళాలి. మీ అన్నయ్య కంటికి అద్దం తగిలించుకుని గడియారంలో తల దూర్చాడంటే ఇల్లు కూలినా పట్టించుకోడు. ఇంతకన్నా మంచి చోటు ఉంటుందేమో, ఓసారి ఆలోచించు అని రాద్దామని కూచున్నాను.

ఈలోపు నీ ఉత్తరం ఆయన చదివేశాడు. నీ పేరున్న కవరు కనిపిస్తే ఆగుతాడా? చదివీ చదవగానే లేచి వెళ్ళి ముందు గదిలో తన గడియారాలన్నీ బుట్టకెత్తి దుకాణానికి మోసుకుపోయాడు. చిన్న మంచం దింపి, ఊగుతున్న కోడుకి చెక్క వేసి కొట్టాడు. రాత్రుళ్ళు టిక్కు టిక్కుమంటే పిల్లకి నిద్ర పట్టదట. నేను ఇంకా ఆలోచిస్తున్నానంటే "ఆలోచించడానికేముంది? అది మన పిల్ల" అన్నాడు.

నిజమే. మన పిల్లే. పంపించు. వచ్చే సెలవు రోజున ఆయనే వచ్చి తీసుకొస్తాడు.

నీకు ఇంకో మాట చెప్పాల్సింది ఉంది. పెద్ద విషయం కాదులే. ఎదురుపడినప్పుడు చెబుతాను.

వదిన


ఇంటి నుంచి

వదినకి,

అన్నయ్య పిచ్చుకని తీసుకుని ఇప్పుడే బయల్దేరాడు. ఏడవలేదు. దాని సంచీ అదే సర్దుకుంది, నన్ను చూడనివ్వలేదు. నేను వీధి చివరి దాకా వెళ్ళి వచ్చి, ఇల్లు ఊడ్చి, చేసేదేమీ లేక ఇది రాస్తున్నాను. రేపటి నుంచి నేనూ క్వార్టర్లకి మారిపోతున్నాను.

నన్ను తిట్టుకున్నా సరే, కొన్ని కచ్చితంగా చెయ్యండి. నా దగ్గర్నుంచి వచ్చిన ప్రతి గుడ్డా ముందు వేడి నీళ్ళలో వేసి ఉతికెయ్యి. నేను వార్డు నుంచి వచ్చి తిరిగే ఇల్లు ఇది, నమ్మడానికి లేదు. నువ్వు బేకరీ నుంచి రాగానే స్నానం, ఆ తర్వాతే పిల్లని ముట్టుకోవడం. అన్నయ్యకీ అదే. రోజూ పొద్దున్నే జ్వరం చూడు. దానికి గొంతు నొప్పి వస్తే చెప్పదు, ముద్ద మింగేటప్పుడు మెడ చూడు, తెలుస్తుంది.

మిగతాది నీకు తెలుసు. నీ చేతిలో పెట్టాక నాకు బెంగ లేదు. ఈ మాట ఊరికే రాయడం లేదు.

చెప్పాలన్న మాట ఉత్తరంలోనే చెప్పు వదినా. ఎదురుపడేదెప్పుడో ఏమో.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి, ముందు గదిలో

అమ్మాయీ,

ఈసారి హాస్యమాడే ఓపిక లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పిచ్చుక వచ్చిన రోజు నువ్వు చెప్పినట్టే చేశాను. గుమ్మంలోనే సంచీ అందుకుని గుడ్డలన్నీ వేడి నీళ్ళలో ముంచాను. అడుగున ఒక దిండు గలీబు ఉంది, నీలం గీతలది, బాగా మాసింది. దీన్నెందుకు తెచ్చుకుందో అనుకుంటూ దాన్నీ వేశాను. సబ్బు దండిగా పట్టించి ఉతికాను. సబ్బులకి కరువా మనింట్లో! సాయంత్రానికి ఆరితే మడత పెట్టి దాని మంచం మీద ఉంచాను.

రాత్రి అన్నం దగ్గరికి రాలేదు. మర్నాడూ అంతే, కోడి గెలికినట్టు గెలికి లేచిపోయింది. అమ్మ మీద బెంగ అనుకున్నాను. నేను దగ్గరికి వెళితే గోడకి తిరిగిపోయేది. చివరికి మీ అన్నయ్య దాన్ని దుకాణానికి తీసుకెళ్ళి, విప్పిన గడియారం చేతికిచ్చి, మెల్లిగా కదిపితే అప్పుడు చెప్పిందట. "అత్త అమ్మ వాసన ఉతికేసింది మామయ్యా" అని. నీ దిండు గలీబు అది. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నీ దిండుకున్నది ఊడదీసి, నువ్వు ఉతికేస్తావని సంచీ అడుగున దాచుకుని తెచ్చుకుంది.

మీ అన్నయ్య నాతో అన్నాడు, "అదేంటే, ఉతికేముందు నీకు తెలియలేదా? బామ్ వాసనా, అదీ, మా చెల్లెలి వాసన గుప్పున కొట్టి ఉంటుంది కదా" అని.

తెలియలేదు. నాకు వాసనలు తెలియవు.

మొదటి విడతలో జ్వరం వచ్చింది కదా, అప్పుడు పోయిన వాసన మళ్ళీ రాలేదు. నువ్వు ఫోన్ చేసి అడిగినప్పుడు వచ్చేసింది అన్నాను. రేపో మాపో వస్తుందని నమ్మి అన్నాను. తర్వాత తర్వాత చెప్పడానికి నోరు రాలేదు. పొయ్యి దగ్గర బతికే మనిషిని, ముక్కు లేదంటే బేకరీలో ఎవరు ఉంచుకుంటారు? రొట్టె రంగు చూసి, అడుగు మోగించి నెట్టుకొచ్చాను. ఇంట్లో పాలు విరిగినా, కూర మాడినా, మీ అన్నయ్య ముక్కుతోనే కాపురం చేశాను.

ఇంకొకటి కూడా చెబుతాను, తిడితే ఒకేసారి తిట్టు. వానల రోజుల్లో ఒకసారి గాలికి పొయ్యి ఆరిపోయి గ్యాసు వస్తూనే ఉంది. నేను పక్కనే కూచుని బంగాళాదుంపల తొక్కు తీస్తున్నాను. మీ అన్నయ్య మెట్లెక్కి వస్తూనే కేక పెట్టి కిటికీలు తెరిచాడు. నాకు జలుబు చేసిందని చెప్పి తప్పించుకున్నాను. నీ పిల్లని పంపమనడానికి నేను నసిగింది మెట్ల కోసం కాదు. ఆ పొయ్యి కోసం. నీకు చెప్పి అడగాల్సింది. మీ అన్నయ్య "మన పిల్ల" అనేసరికి నాకు ఆశ పుట్టింది, నోరు మూసుకున్నాను.

పిల్లని వెనక్కి తీసుకుపోతానంటే నేను కాదనను.

వదిన


ఆసుపత్రి క్వార్టర్ల నుంచి

వదినా,

నేను నర్సుని. రోజుకి ఎంతమంది ముక్కుల సంగతి అడుగుతానో నీకు తెలుసా? సొంత వదిన నాకు అబద్ధం చెప్పింది. నా కూతుర్ని గ్యాసు వాసన తెలియని మనిషి వంటింట్లో పెట్టి వచ్చాను నేను. నమ్మకంగా పెట్టి వచ్చాను.

వెనక్కి తీసుకుపోవడమా? ఎక్కడికి? నిన్నటి నుంచి వార్డులో మంచాలు చాలక వరండాలో వేస్తున్నాం. అది నీకు తెలిసీ ఆ మాట రాశావా?

ఈ ఉత్తరం అందగానే గ్యాసు కారితే కూతపెట్టే యంత్రం కొని గోడకి కొట్టించు. అన్నయ్యకి చెప్పు, అది బిగించేదాకా పొయ్యి వెలిగించేటప్పుడు తను పక్కన ఉండాలని. పిచ్చుకకీ చెప్పు. దాచిపెట్టడాలు చాలు.

ఇంకేమీ రాయలేను.


ఆసుపత్రి క్వార్టర్ల నుంచి, మర్నాడు

వదినా,

నిన్నటి ఉత్తరం డబ్బాలో వేసేశాను. లేకపోతే చింపేసేదాన్ని. కోపం పోయిందని కాదు, ఉంది. అది అలా ఉండనీ.

పొద్దున ఒక ముసలాయనకి అన్నం తినిపిస్తున్నాను. నోట్లో పెడితే మట్టిలా ఉందమ్మా అని పళ్ళెం తోసేశాడు. కాస్త కాస్తగా వస్తుంది తాతా అని రోజూ అందరికీ చెప్పినట్టే చెప్పాను. వెంటనే నువ్వు గుర్తొచ్చావు. ఇన్నాళ్ళూ నువ్వు తిన్నది కూడా అలాగే ఉండి ఉంటుంది కదా? అన్నయ్య ముందు కూచుని బాగుంది బాగుంది అంటూ తిని ఉంటావు. వంట చేసే మనిషివి, నీ చేతి వంట రుచి నీకే తెలియకుండా ఎలా ఉన్నావే? నాకు చెబితే నేనేం చెయ్యగలిగేదాన్నో తెలియదు, కనీసం నీతోపాటు ఏడిచేదాన్ని.

ఆ గలీబు ఉతకమన్నది నేనే. అది దాచుకుందని నాకూ తెలియదు. దిండుకి గలీబు ఏదీ అని ఆ రోజు ఇల్లంతా వెతికాను. నాకో వాసన ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంకోటి పంపుదామంటే ఇప్పుడు నా ఒంటికి ఆసుపత్రి మందునీళ్ళ వాసన తప్ప ఏమీ లేదు. పైగా ఇక్కణ్ణుంచి గుడ్డ ముక్క బయటికి పోనివ్వరు. ఇంటికి వెళ్ళడానికి సెలవూ లేదు.

పిచ్చుక అన్నం తింటోందా? అది రాయి ముందు.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర

సూదమ్మకి,

తింటోంది. అన్నిటికన్నా ముందు అది రాశాను, ఇక స్థిమితంగా చదువు.

నీ మొదటి ఉత్తరం చదివి పొయ్యి దగ్గర నిలబడి ఏడిచాను. రెండోది చదివి ఇంకా ఎక్కువ ఏడిచాను. మీ అన్నయ్య ఏ ఉత్తరానికి ఓదార్చాలో తెలియక రెండింటికీ కలిపి టీ పెట్టిచ్చాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "అందుకా నా ముక్కుని అంత పొగిడేదానివి" అన్నాడంతే. తర్వాత వెళ్ళి యంత్రం తెచ్చి గోడకి బిగించాడు. నువ్వెరుగుదువు కదా, ఏ వస్తువునీ ఉన్నదున్నట్టు ఉండనివ్వడు. దాన్ని విప్పి, ఏం చేశాడో ఏమో, ఇప్పుడది కూస్తే పక్క వీధి కుక్కలు జవాబిస్తున్నాయి. బేకరీలో కూడా చెప్పేశాను. యజమాని "ఇన్నాళ్ళూ ఒక్క రొట్టె మాడలేదు కదమ్మా, నాకు రొట్టెతో పని, నీ ముక్కుతో ఏం పని" అన్నాడు. దీనికోసమా ఇంతకాలం దొంగలా బతికాను!

పిచ్చుకకి నేనే చెప్పాను. చాలా శ్రద్ధగా విని, "అయితే నువ్వు కావాలని చెయ్యలేదు కదా" అంది. కావాలని చెయ్యలేదన్నాను. అప్పటి నుంచి ఈ ఇంటి ముక్కు అదే. పాలు వాసన చూస్తుంది, మూత పెట్టిన గిన్నెలన్నీ తీసి చూస్తుంది, మామయ్య సాక్సులు వాసన చూసి తీర్పు చెబుతుంది. ఆయన అప్పీలు కూడా చేసుకోవడానికి లేదు.

ఇక అసలు సంగతి. మొన్న అడిగింది నన్ను, "అత్తా, అమ్మ వాసన నేను మర్చిపోతే?" అని. అప్పుడే నాకొకటి తోచింది. ముక్కు పోయిందిగానీ, పోకముందు చూసిన వాసనలన్నీ నా తలలో పదిలంగా ఉన్నాయి. కొలతలు వేసి కలపడం నా పనే కదా. ఇద్దరం కూచున్నాం. నువ్వు డ్యూటీ దిగాక కణతలకి రాసుకునే బామ్, చేతులు పగలకుండా రాసుకునే ఆ తెల్ల క్రీము, గంజి పెట్టిన యూనిఫాం మీద ఇస్త్రీ పెట్టె కాస్త ఎక్కువ కాలినప్పటి వాసన. ఉతికిన గలీబుకి గంజి పెట్టి ఇస్త్రీ చేసి, అన్నీ చిటికెడు చిటికెడు పట్టించాను. నేను కలపడం, అది చూడడం.

మొదట "బామ్ ఎక్కువైంది, ఇది అమ్మకి తలనొప్పి వచ్చిన రోజు వాసన" అంది. మళ్ళీ ఉతికాం. తర్వాత "ఇప్పుడు పండగ డ్రెస్సు వాసన" అంది, గంజి ఎక్కువైందన్నమాట. అలా రోజూ రాత్రి అన్నాలయ్యాక ఇదే పని. నిన్నటికి చాలా దగ్గరికొచ్చాం. కళ్ళు మూసుకుని చాలాసేపు చూసి, "ఇంకోటి ఉంది అత్తా, అది లేదు" అంది. ఏంటమ్మా అది అంటే చెప్పలేకపోతోంది. తియ్యగా ఉంటుందట, వెచ్చగా ఉంటుందట. సబ్బు కాదట, పువ్వు కాదట.

నువ్వేమైనా రాసుకుంటావా? సెంటు లాంటిదేదైనా? గుర్తు తెచ్చుకో, వదినకి చెప్పడానికి సిగ్గెందుకు?

ఒక్కటే నా మనసులో ముల్లులా ఉంది. మిగతా వేళల్లో నాతో బాగానే ఉంటుంది. నేను బేకరీ నుంచి వచ్చి, స్నానం చేసి, దగ్గరికి వెళ్ళగానే మాత్రం దాని కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఎందుకే అంటే ఏమో అంటుంది. తలుపు చాటుకి పోతుంది. ఉతికేసింది నేనే కదా, లోపల ఎక్కడో ఆ కోపం ఉందేమో. ఉంటే ఉండనీ. నేను ఓర్చుకుంటాను.

మీ దగ్గర ఎలా ఉందో దాచకుండా రాయి.

వదిన


ఆసుపత్రి క్వార్టర్ల నుంచి

వదినా,

మా దగ్గర బాగాలేదు. కానీ మొదటిసారిలా కాళ్ళూ చేతులూ ఆడకపోవడం లేదు. ఏం చెయ్యాలో తెలిసి చేస్తున్నాం. నాకు జ్వరం లేదు. అలసట ఉంది. మొన్న చెప్పిన ముసలాయన ఇవాళ నారింజ తొక్క నలిపి వాసన చూసి "ఉందమ్మా, కొంచెం ఉంది" అని అరిచాడు. నీకు వెంటనే రాయాలనిపించింది. రోజూ నారింజ తొక్కా, లవంగమూ వాసన చూస్తూ ఉండు. వస్తుందని మాట ఇవ్వను. చూస్తూ మాత్రం ఉండు.

సెంటా? నాకా? ఆ డబ్బులుంటే నిద్ర కొనుక్కుంటాను.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. సూది గుచ్చుతూ కూడా అదే. తియ్యగా, వెచ్చగా ఏముంది నా దగ్గర? మా గదిలో వాళ్ళని అడిగితే ఒక్కొక్కళ్ళూ ఒకటి చెప్పారు, ఏదీ కాదు. చివరికి మనసులోనే ఇంటికి వెళ్ళాను. తలుపు తీశాను, బీరువా తెరిచాను, పై అర చూశాను, కింది అర చూశాను. అక్కడ తెలిసింది.

నవ్వకు. నువ్వు మీ బేకరీ నుంచి పంపుతావు చూడు, దాల్చినచెక్క రస్కులు. వంటింట్లో పెడితే పిచ్చుక ఒక్క పూటలో ఊదేస్తుంది. అందుకని ఎప్పుడూ బీరువాలో, కింది అరలో, దిండు గలీబుల మధ్య దాస్తాను. డ్యూటీ నుంచి వచ్చాక మంచం మీద కూచుని ఒకటి తింటాను. ఎన్నో ఏళ్ళ నుంచి అలవాటు. దాని కంట పడకుండా తింటున్నాననుకున్నాను. ముక్కున పడుతూనే ఉందన్నమాట.

అదే అయ్యుంటుంది. వేసి చూడు.

వదినా, ఒక్క మాట. నా కూతురు నా వాసన అనుకుంటున్నదాంట్లో సగం నీదే.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి, పిచ్చుక మంచం పక్కన

సూదమ్మకి,

మొన్న పోస్టతను నీ ఉత్తరం బేకరీకే తెచ్చిచ్చాడు. రోజంతా చేతులు పిండిలో ఉన్నాయిగానీ మనసు ఇక్కడే. ఎప్పుడూ చేసే రస్కులే, ఆ రోజు మాత్రం ఒక్కోదాన్నీ రెండుసార్లు తిప్పి చూసుకున్నాను. నాకెలా తోచలేదో చూడు. వెన్న, పంచదార, దాల్చినచెక్క, అది పనిలో అంటుకునే నా వాసన కదా. దాన్ని తీసుకెళ్ళి నీ వాసనలో ఎలా కలుపుతాను?

ఇంటికి రాగానే పిచ్చుకకి ఏమీ చెప్పకుండా గలీబులో రస్కులు చుట్టి బీరువాలో పెట్టాను. మర్నాడు రాత్రి తీసి, పొడి దులిపి, దిండుకి తొడిగి దాని ముందు పెట్టాను. రోజూ లాగే పెద్ద న్యాయాధికారిలా కూచుని, ముఖం ఆనించింది. ఎత్తలేదు. ఎంతసేపటికీ ఎత్తలేదు. మీ అన్నయ్య గుమ్మంలో నిలబడి, ఏమైంది ఏమైంది అని నాకు సైగలు. నాకు మాత్రం ఏం తెలుస్తుంది? నాకది ఇస్త్రీ చేసిన గుడ్డ అంతే. అది ముఖం ఎత్తేదాకా నేనూ ఆయనలాగే నిలబడ్డాను.

"వచ్చేసింది" అంది, ముక్కు ఎగబీలుస్తూ. అది ఏడుస్తూ నవ్వుతుంటే మీ అన్నయ్య గడియారం పనుందని చెప్పి అవతలికి పోయాడు. ఇంట్లో ఒక్క గడియారం లేదు, ఆ సంగతి కూడా మర్చిపోయాడు.

అప్పుడు చెప్పాను దానికి, ఆ తక్కువైంది అత్త చేసే రస్కుల వాసనేనని, అమ్మ బీరువాలో దాచుకుని తినేదని. (దొంగతనం బయటపడింది, నువ్వొచ్చాక లెక్క చెప్పుకోవాలి.) అది మంచం దిగి వచ్చి, నా మెడ పట్టుకుని కిందికి వంచి, నా జుట్టులో ముక్కు పెట్టింది.

"అందుకా అత్తా, సాయంత్రం నువ్వు రాగానే నాకు ఏడుపొచ్చేది?" అంది.

నా మీద కోపం అనుకున్నాను కదే. కోపం కాదట. నేను గుమ్మంలోకి రాగానే నువ్వొచ్చినట్టు అనిపించేదట. తల ఎత్తి చూస్తే నేనట. ఎన్ని సాయంత్రాలు అలా తల ఎత్తి చూసిందో పాపం, నోరు తెరిచి చెప్పడం తెలియక.

ఇప్పుడు ఏడవడం లేదు. నేను మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే స్నానాల గది బయట స్టూలేసుకుని కూచుంటుంది. త్వరగా రా అని తలుపు కొడుతూ ఉంటుంది. బయటికి రాగానే ఒళ్ళో ఎక్కి తల నా భుజం మీద పెడుతుంది. చెప్పులు ఇవాళ మంచం కింద ఎక్కడో ఉన్నాయి, వెతుక్కుందాం అనుకున్నా దొరకవు.

నారింజ తొక్క రోజూ చూస్తున్నాను. ఇంకా ఏమీ లేదు. పిచ్చుక పక్కన కూచుని, ఉందా అత్తా, ఉందా అని అడుగుతూ ఉంటుంది. లేదంటే రేపు చూద్దాంలే అంటుంది, అచ్చం నీలాగే.

నువ్వు పెట్టిన నియమాలన్నీ పాటిస్తున్నాం. పొద్దున్నే జ్వరం చూస్తున్నాను, ముద్ద మింగేటప్పుడు మెడ చూస్తున్నాను. బేకరీ నుంచి రాగానే బట్టలు వేడి నీళ్ళలో వేసి, సబ్బు పెట్టి మెడ కింది నుంచి కాలిగోటి దాకా రుద్దుకుంటున్నాను. ముఖం కడుక్కుంటున్నాను. పని చేసినంతసేపూ తలకి టోపీ ఉంటుంది కాబట్టి, నువ్వు కోప్పడినా సరే, పిచ్చుక ముక్కు పెట్టే తల మాత్రం సెలవు రోజునే పోసుకుంటున్నాను.

వదిన